జగ్గయ్యపేటలో ప్లాటినం డేగ

మా ఆఫీసులో నా పక్క సీటు అనూష ఒకరోజు భోజనాల వేళ ఫోన్లో ఒక ఫోటో చూపించింది. "మా పిన్ని వాళ్ళింట్లో ఉంది, వెండిదో ఏదో. ఇచ్చేసి గాజులు చేయించుకుందామని తీసుకెళ్తే, పైపైన చూసి ఇదేంటో మాకు తెలీదన్నారంట షాపులో. నువ్వు నాణేలు కొంటావుగా, చూడు" అంది. చూశాను. చేతిలో పెరుగన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రెక్కలు విప్పిన డేగ! ఒక విదేశీ టంకశాల ఏడాదికొకటి చొప్పున, చాలా తక్కువ సంఖ్యలో వేసిన ఐదు పక్షుల ప్లాటినం నాణేల్లో ఆఖరిది. మిగతా నాలుగూ నా దగ్గరున్నాయి. ఈ ఒక్కదాని కోసం నేను వెతకని వేలం సైటు లేదు, బతిమాలని డీలరు లేడు. అదేమో జగ్గయ్యపేటలో, అనూష పిన్ని తిరుపతమ్మ గారి దేవుడి గూట్లో హాయిగా కూర్చుని ఉంది!

నాలాగే ఇళ్ళకి వెళ్ళి నాణేలు కొనేవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. శనివారం పొద్దున ఆరున్నరకి విజయవాడ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి సున్నా టికెట్. "ప్లాటినం కొనడానికి ఫ్రీ బస్సులో వెళ్తున్నది దేశం మొత్తం మీద నువ్వొక్కదానివే" అని మా ఆయన ఫోన్లో ఆటపట్టించాడు. పట్టించుకునే స్థితిలో లేను. పరిటాల దగ్గర కిటికీలోంచే ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టి, ఆ నాణేన్ని ఎవరూ ముట్టుకోకుండా చూడు తండ్రీ అని మొక్కుకున్నాను. ఎనిమిదింటికి నందిగామ. జగ్గయ్యపేట బస్సుకి ఇంకా టైముందంటే, బస్టాండు బయట బండి దగ్గర ఉప్మా పెసరట్టు తీసుకున్నాను, యాభై రూపాయలు. అల్లం పచ్చడి అద్భుతం. నేను తినే వేగం చూసి అట్లు పోస్తున్నాయన ఆగలేకపోయాడు.

"నిదానం అండి, నాలిక కాలుద్ది. ఏమన్నా పెళ్ళిచూపులకి పోతున్నారా?"

"అలాంటిదే అనుకోండి. పిల్ల నచ్చితే ఇవాళే తీసుకొచ్చేస్తా" అన్నాను.

నందిగామ నుంచి ముప్పావుగంట ప్రయాణం. సిమెంటు లారీల వెనక ఇరుక్కుంటే ఇంకాస్త పడుతుంది. జగ్గయ్యపేట బస్టాండులో ఆటో అతను ఎనభై అడిగి అరవైకి వచ్చాడు. నేను బ్యాగుని రెండు చేతులా వాటేసుకుని కూర్చోవడం అద్దంలో చూసి, "బ్యాగులో బంగారమా మేడం, అట్ల పట్టుకున్నరు?" అన్నాడు. "ఇప్పుడు ఖాళీయే బాబూ, ప్రాక్టీసు చేస్తున్నా" అన్నాను. అతను నవ్వి, వీధి చివరిదాకా తీసుకెళ్ళి గుమ్మం ముందు దింపాడు.

తిరుపతమ్మ గారు చల్లటి మజ్జిగ ఇచ్చి, దేవుడి గూట్లోంచి నీలం పెట్టె తెచ్చారు. ఓడలో ఉద్యోగం చేసే తమ్ముడు గృహప్రవేశానికి బహుమతిగా ఇచ్చాడట. "గరుత్మంతుడు అమ్మాయ్. మా ఆయన గద్ద అంటాడు, ఆయన మాటకేం" అంటూ తెరిచారు. మీద అంతా కుంకుమ! దగ్గరికి తీసుకుని చూస్తే, అది నాణేన్ని కప్పి ఉంచే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీ మీద పెట్టిన బొట్టు. "ఆ మూత ఎట్టా తియ్యాలో తెలవక పైపైనే పెడుతున్నా" అన్నారావిడ. అంటే నాణేన్ని ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు! ఆ సంతోషంలో ఆవిణ్ణి కౌగిలించుకోలేదంతే.

ఇలాంటి నాణేలకి గ్రేడింగ్ సంస్థలు డెబ్భైకి మార్కులు వేస్తాయి. భూతద్దంలో చూసినా ఒక్క గీత దొరక్కపోతే డెబ్భైకి డెబ్భై. తడిపి గుడ్డతో తుడిచారని తెలిసిందా, మార్కే వెయ్యరు, 'శుభ్రం చేసినది' అని రాసి పంపేస్తారు. నా నాలుగూ డెబ్భైలే. ఐదోది కూడా డెబ్భై అయితే పూర్తి సెట్టు. అందుకే తెల్ల గ్లౌజులు తొడుక్కుని, డబ్బీ అంచున గోరు పెట్టి టక్కున మూత తీశాను. "ఓస్, ఇంతేనా!" అని తిరుపతమ్మ గారు ముందుకి వంగి శ్రద్ధగా చూశారు. అంచులు మాత్రమే పట్టుకుని తూచాను, పావు తక్కువ ఎనిమిది గ్రాములు, సరిగ్గా ఉంది. భూతద్దంలో చూశాను. అద్దంలాంటి ఉపరితలం మీద ఒక్క మచ్చ లేదు. ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ రోజు ప్లాటినం రేటు మీద ఇంకో పావు వంతు కలిపి ఇస్తానంటే ఆవిడ సరేనన్నారు. ఫోన్లోనే డబ్బు పంపించి, నాణేన్ని డబ్బీలో పెట్టి పక్కన ఉంచి, నా త్రాసూ సరంజామా సర్దుకోవడంలో పడ్డాను.

తల ఎత్తేసరికి ఆవిడ పళ్ళెంలో రవికెల గుడ్డ, అరటిపళ్ళు, కుంకుమ భరిణె పట్టుకుని వచ్చారు. నాకు బొట్టు పెట్టారు. తర్వాత పళ్ళెంలోంచి నా డేగని తీసి చూపించారు. బుల్లి నుదుట ఎర్రగా, కొత్తగా కుంకుమ.

"ఇన్నాళ్ళూ ఇంట్లో ఉన్న లక్ష్మి కదమ్మా. శుభ్రంగా పాలతో కడిగి, మెత్తటి చెంగుతో తుడిచి, బొట్టు పెట్టా."

"అయ్యో పిన్నిగారూ!" అని అరిచేశాను. భూతద్దం పెట్టి చూస్తే అద్దంలాంటి ఆ ఉపరితలం నిండా సన్నటి గీతలు. ఏడుపొక్కటే తక్కువ. సంగతి చెప్పాను. ఆవిడ మొహం తెల్లబోయింది.

"నీ సొమ్ము పాడుచేసానా? నేనేం చేసానమ్మా ఇట్టా! డబ్బులు వెనక్కి వేసేస్తా, దీన్ని ఇక్కడే ఉండనీ" అంటూ ఫోను కోసం లేచారు.

ఒప్పుకుంటే పోయేది. ఒప్పుకోవాలనే అనిపించింది కూడా. ఇంకెక్కడో మచ్చలేని డేగ దొరక్కపోదు. ఈలోగా ఆవిడ నాణేన్ని నా చేతిలో పెట్టేశారు. గ్లౌజులు అప్పటికే తీసేశాను. ఒట్టి అరచేతిలో అంత చిన్న బిళ్ళ అంత బరువుగా ఉంటుందని నాకు తెలీదు. చల్లగా ఉండి, మెల్లగా వెచ్చబడింది. "వద్దు పిన్నిగారూ, తీసుకెళ్తా. అనుకున్న రేటుకే" అన్నాను.

సాయంత్రానికి ఇల్లు చేరాను. డేగని గ్రేడింగుకి పంపలేదు. నా దగ్గరున్న మిగతా నాలుగు పక్షులూ సీలు వేసిన పెట్టెల్లో డెబ్భై మార్కులతో ఉన్నాయి, వాటిలో ఒక్కదాన్నీ నేను ఇంతవరకు చేత్తో పట్టుకోలేదు. అంత డబ్బు పోసి కొన్న లోహం తాకితే ఎలా ఉంటుందో కూడా తెలీకుండా ఇన్నేళ్ళు గడిపేశాను. మార్కు రాని ఈ ఒక్కటే నాకు అరచేతిలో తెలిసిన నాణెం. బాధ లేదని చెప్పను, ఉంది. కానీ ఎవరైనా మీ సేకరణ చూపించమంటే ముందు దీన్నే తీస్తున్నాను. ఇక మీకో సలహా: ఇంటికి వెళ్ళి నాణెం కొంటే, బేరం కుదరగానే దాన్ని మీ బ్యాగులో వేసి జిప్పు లాగండి, ఆ తర్వాతే బొట్టుకి నుదురు అందించండి. డబ్బీ మూత ఎలా తియ్యాలో మాత్రం ఛస్తే చూపించకండి.