విమానంలో ఉన్న అన్న తాపిన నీళ్లు

దయ్యాల మాటెత్తిన వాళ్లను కసిరి పంపే రకం నేను. ఇప్పుడూ అంతే. చచ్చినవాళ్లు తిరుగుతారంటే నవ్వుతాను. కానీ నేను చెప్పేది చచ్చినవాళ్ల గురించి కాదు, బతికున్న మా అన్న గురించి.

ఎనభైల మొదట్లో సంగతి. వరంగల్‌లో మాది కిరాణా కొట్టు. అన్న శంకరం కువైట్‌లో పనికి కుదిరాడు. బాపుకు జబ్బు ముదిరి దవాఖానలో చేర్చినప్పుడు అన్నకు టెలిగ్రాం కొట్టాం. గురువారం పగటి విమానానికి వస్తున్నానని జవాబు ఇచ్చాడు.

మాలో ఆఖరి తులసి నీళ్లు పెద్దకొడుకే పోయాలి. బాపు ఆ పట్టు మీదే ఉన్నాడు. నేను చెంచా పట్టినా, బాపు తమ్ముడు మా చిన్నాయన పట్టినా పళ్లు బిగించేవాడు. "పెద్దోడు రానీ" అన్నది ఒక్కటే మాట. సెలైన్ తప్ప చుక్క నీరు దిగలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం మందుల కోసం కిందికి దిగాను. తిరిగి వచ్చేసరికి బాపు పోయాడు. పెదవులు తడిగా ఉన్నాయి. నాలుక మీద తులసాకు ఉంది. పక్కన ఇత్తడి గ్లాసు ఖాళీ.

"మీ అన్న ఇప్పుడే నీళ్లు తాపి పోయిండు కదమ్మా. పెద్దకొడుకునన్నడు" అంది నర్సు. కనుబొమ్మ మీద గాటు ఉందని కూడా చెప్పింది. అది నిజమే. కానీ ఆమె మా అన్నను ఎన్నడూ చూసి ఎరగదు.

అది విన్న చిన్నాయనకు ఒళ్లు మండింది. "విమానం నాలుగు గంటలేనట. ఎప్పుడో దిగి హసన్‌పర్తిల అత్తగారింట్ల దాక్కున్నడు, సేవ జెయ్యాల్సొస్తదని. వచ్చి పోయినోని కోసం శవాన్ని ఆపుతమా?"

నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఆ నాలుగు గంటలు బొంబాయి దాకానే. విమానమేమన్నా మన కొట్టు ముందు దించుతుందా? మూడు వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ, ఎక్కువ భాగం సముద్రమే. నర్సు చూసిన వేళకు అన్న ఆ నీళ్ల మీదే ఉండాలి. బొంబాయిలో దిగాక హైదరాబాద్‌కు రాత్రంతా రైలు, అక్కడి నుంచి మనకు ఇంకో రైలు. తక్కెడలో గోరంత తేడా పట్టే వ్యాపారులు, ఈ లెక్క ఒక్కటి వేయరేం? ఎవరూ వినలేదు. పొద్దు గుంకకముందే చిన్నాయన తలకొరివి పెట్టేశాడు.

మర్నాడు సాయంత్రం అన్న సంచీతో దిగాడు. పాస్‌పోర్టు మీద గురువారం తేదీతో బొంబాయి ముద్ర చూపిస్తే చిన్నాయన మొహం తిప్పుకున్నాడు. విమానంలో ఏమైందని నేను అడిగాను. నిద్రపోయానన్నాడు, అంతే.

"ఆ నర్సును తీసుకొస్తా. ఆమె చూసింది నిన్ను కాదని నలుగుర్ల ఒప్పిస్తా" అని లేచాను.

అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు చెల్లె. ఆమెది అబద్ధమైతే బాపు నీళ్లు దొరక్క దూపతోని పోయినట్టేగద. నేను దాక్కున్ననే అనుకోనీ."

ఆ తులసాకు ఎవరు పెట్టారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. పెళ్లిళ్లలో చుట్టాలు అన్నను చూసి "తండ్రికి కొరివి పెట్టనోడు" అని గొణుక్కుంటే నా రక్తం ఉడికిపోతుంది. లేచి నిలదీయబోతాను. కానీ ఏమని చెప్పను? ఆ రోజు మా అన్న రాలేదనా, వచ్చాడనా?