ఫ్రెంచి ఊరి నీళ్ల రంగు

ఫ్రాన్సులో ఒక ఏరు సముద్రంలో కలిసే చోట చిన్న కోట ఊరు ఉంది. నేనెప్పుడూ అక్కడికి వెళ్లలేదు. అయినా దాని ప్రహరీలో ఎక్కడ రాయి ఊడిందో, చర్చి ఏ మూలన నీళ్ల మీదికి వచ్చి నిలబడిందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఐదు నెలలు ఆ ఊరి ఫొటో మన్సూరాబాద్‌లో మా కిరాయి ఇంట్లో, మగ్గం పక్కన గోడకు అతికించి ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే చీరల దుకాణానికి ఒక ఫ్రెంచి ఆవిడ వచ్చింది. పోచంపల్లి పని మీద మనసు పడి, తన ఊరి ఫొటో చూపించి, గోడకు వేలాడదీసుకునే గుడ్డగా నేయించగలరా అని అడిగింది. మా నాయిన నేస్తాడని మాటిచ్చేశాను. నాయిన ముప్పై ఏళ్లు షావుకార్ల డిజైన్లే నేశాడు. తనదని చెప్పుకునే గుడ్డ ఒక్కటీ లేదు. ఎల్బీ నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌వాళ్లు వాచ్‌మన్‌గా రమ్మంటే అప్పటికే యూనిఫాం తెచ్చి సంచీలో పెట్టుకున్నాడు. ఇది ఆమెకు నచ్చితే మగ్గం ఉంటుందని, లేకపోతే యూనిఫాం వేసుకుంటానని తేల్చి చెప్పాడు.

ఫొటోలో సందుల నిండా గోడలంత ఎత్తు మొక్కలు. వాటిని చూసి నాయిన బెండపూలన్నాడు. ఒడ్డున కర్రల మీద నిలబెట్టిన గుడిసెలను చేలో మంచెలన్నాడు. నీళ్లు మాత్రం అచ్చం చాయ్ రంగులో ఉన్నాయి. పాపం, ఫొటో తీసిన రోజు చెరువు మురికిగా ఉన్నట్టుందని జాలిపడ్డాడు. ఇంట్లో పెట్టుకునే గుడ్డలో బురద ఎవరు నేయించుకుంటారు? మహా తెలిసినట్టు నేనూ తలూపాను. మా పనిలో నూలుకు ముడులు కట్టి ముందే రంగులో ముంచుతాం. మగ్గం ఎక్కాక దిద్దుకునేదేమీ ఉండదు. నాయిన నీళ్ల నూలంతా చక్కటి నీలంలో ముంచాడు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. పై అంతస్తులో ఉండే మా ఇంటి ఓనర్‌ది గోదావరి సముద్రంలో కలిసే వైపు ఊరు. రోజూ సాయంత్రం నాయినతో కూర్చుని చాయ్ తాగేవాడు. ఒకరోజు నదుల నీళ్లు ఎవరివన్న దగ్గర ఇద్దరికీ చెడింది. అప్పటినుంచి మాటల్లేవు. మెట్ల మీద ఎదురుపడితే ఒకరు గోడను చూసేవారు, ఒకరు చెప్పులను చూసేవారు. ఈ వయసులో ఈ అలకలేమిటని నాకు ఒళ్లు మండేది.

ఒక బంద్ రోజు దుకాణం లేక ఇంట్లోనే ఉన్నాను. డాబా మీద నీలం నూలు ఆరేస్తుంటే ఓనర్ వచ్చాడు. నేను గోడ నుంచి ఊడదీసి తెచ్చిన ఫొటోను నా చేతిలోంచి తీసుకుని చూశాడు. ఆ గుడిసెలు వలలు దించడానికి అయ్యుంటాయన్నాడు. తర్వాత నూలు చూసి తల అడ్డంగా ఊపాడు.

"అది బురద కాదమ్మా, ఒండ్రు. మా ఊళ్లోనూ ఏరు సముద్రంలో కలిసేచోట నీళ్లు ఈ రంగే. నీలం వేస్తే అది ఆవిడ ఊరు కాకుండా పోద్ది."

కిందికొచ్చి చెప్తే నాయిన మగ్గం మీద నుంచి లేవనైనా లేదు.

"మా నీళ్లు తీస్కపోయింది సాలదా? ఇప్పుడు నీళ్ల రంగు గూడ ఆయననే చెప్తడా?"

"నువ్వు ఎన్నడన్న సముద్రం చూసినవా నాయినా?" అనేశాను. ఆయన చూడలేదు. మా ఇంట్లో ఎవరమూ చూడలేదు. నాయిన యూనిఫాం సంచీ వైపు చూశాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

సాయంత్రం ఫొటో పట్టుకుని తనే మెట్లెక్కాడు. జర చూసి చెప్పుండ్రి, నేను గన్ని నీళ్లు ఎన్నడు చూడలేదని అడిగాడు. ఓనర్ కుర్చీ లాగి వేశాడు. సముద్రం పోటుకు నీళ్లు ఎట్లా పైకి వస్తాయో, వెనక్కి పోయాక తడి ఒండ్రు ఎండకు ఎట్లా మెరుస్తుందో చాలాసేపు చెప్పాడు. రాష్ట్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎవరి పట్టు వాళ్లదే.

మర్నాడు నాయిన నూలును ఉడకబెట్టి నీలాన్ని చాలావరకు దింపి, గోధుమ రంగులో మళ్లీ ముంచాడు. మొదటి ముంపుకు పాచి రంగు తేలేసరికి అంతా పాడైందని నా ప్రాణం ఉసూరుమంది. ఓనర్ మెట్ల మీద నిలబడి ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ నాలుగో ముంపుకు చాలన్నాడు.

ఫ్రెంచి ఆవిడ మా ఇంటికే వచ్చింది. గుడ్డ విప్పాం. మా పనిలో బొమ్మల అంచులు ఎప్పుడూ కాస్త చెదురుతాయి, అందుకని కోటగోడల గురించే నాయిన భయం. ఆమె గోడల్ని చూడనే లేదు. నీళ్ల మీద అరచేయి పెట్టి అలాగే ఉండిపోయింది. తన చెల్లెలికి ఇంకొకటి కావాలంది. మీ నాన్న మా ఊరు వచ్చారా అని ఇంగ్లీషులో అడిగింది. ఆ మాట నేను నాయినకు చెప్పాను.

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒక మనిషి ఆయన పనిని ఆయనదిగా చూసి అడిగింది. ఆయనేమో మెట్ల దగ్గరికి వెళ్లి ఓనర్‌ను కిందికి పిలిచాడు. పక్కన నిలబెట్టుకుని నాతో అన్నాడు.

"గోడలు నేను నేసిన. నీళ్లు ఈయనవని చెప్పు బిడ్డా."

ఓనర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పబోయి ఏడ్చేశాను.