గురుమూర్తి ఇంటి స్లాబు

ఛత్తీస్‌గఢ్ కొత్తగా వేరే రాష్ట్రమయ్యాక రాయపూర్ దారి పొడవునా ఇళ్లు లేవడం మొదలైంది. భిలాయిలో కుముదినికి చేతినిండా పని దొరికింది ఆ రోజుల్లోనే.

పలాస దగ్గరి పల్లె నుంచి పెళ్లై వచ్చిన మనిషి ఆమె. భర్త శంకరరావు స్లాబులకు సెంట్రింగు చెక్కలు బిగించేవాడు. ఆమె పవర్ హౌస్ బజారు వైపు కట్టే దుకాణాలకు ఇటికలు మోసేది. అక్కడి మేస్త్రీ పోలయ్యకు మోకాళ్లు పట్టేసి వంగలేకపోతున్న రోజున, ఆమె తాపీ అందుకుని నాలుగు వరసలు కట్టేసింది. పోలయ్య చూసి, గోడ మొత్తం ఊడదీయించాడు.

"సందు మీద సందు పెట్టీసినావేటమ్మా? కింద రెండిటికలూ కలిసిన సోట పై ఇటిక నడుం పడాల. అప్పుడే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇటికల్ని ముందు నీళ్లలో నానబెట్టు. లేకపోతే సిమెంటు మాలులో తడంతా అవే తాగేస్తాయి."

ఆమె నవ్వుకుంటూ మళ్లీ కట్టింది. ఈసారి పోలయ్య తూకం గుండు వేలాడదీసి గోడ నిలువు చూసి, తాపీ ఆమెకే వదిలి బీడీ ముట్టించుకున్నాడు. అలా ఆమె మేస్త్రీ అయింది.

ఉక్కు ప్లాంటులో రిటైరైన గురుమూర్తి సెక్టర్ 4 క్వార్టరు వదిలి కుమ్హారిలో ఇల్లు కట్టుకుంటూ, పోలయ్య మాట మీద పని ఆమెకు అప్పగించాడు. గోడలు లేచాయి. స్లాబు వేసే రోజున గురుమూర్తి తన పాత షిఫ్టు వాళ్లందరినీ భోజనాలకు పిలిచాడు.

స్లాబు సగమైంది. అంతలో కాంక్రీటు కలిపే యంత్రం దడదడలాడి ఆగిపోయింది. ఆదివారం కావడంతో బాగుచేసేవాడు దొరకలేదు.

"మిగతాది రేపు పోసీద్దాం," అన్నాడు శంకరరావు.

"ఇయ్యాల పోసింది రేపటికి గట్టిపడిపోద్ది మావా. కొత్తది దానికి అతకదు. రేపు వానొస్తే ఆ గీతలోంచే గదిలోకి కారతాది," అంది కుముదిని.

"అయితే సేత్తో కలపాల. మనుషులేరీ?"

ఆమె గేటు వైపు చూసింది. ఇస్త్రీ చొక్కాలతో, తలలకు నూనె రాసుకుని, గురుమూర్తి స్నేహితులు ఆటోల్లోంచి దిగుతున్నారు.

"బాబులూ, బోజనాలకి ఇంకా టైముంది. పారలు పట్టండి," అంది.

వాళ్లు గురుమూర్తి వైపు చూశారు. గురుమూర్తి పంచె ఎగగట్టి, "చలో భయ్యా, బి షిఫ్ట్ మొదలైంది," అన్నాడు. ఒకాయన నోటితోనే ప్లాంటు సైరన్ ఊదాడు. చొక్కాలు గోడ మీదికెక్కాయి.

కుముదిని ఇనుప రేకు మీద ఇసుక, సిమెంటు పొడిగా, రంగు ఒక్కటయ్యేదాకా కలిపించింది. ఆ తర్వాత కంకర, చివర్న కొలిచి నీళ్లు. కలపడం తేలికవుతుందని గురుమూర్తి ఇంకో బకెట్టు ఎత్తబోతే చెయ్యి అడ్డుపెట్టింది.

"వద్దు బాబూ. నీరెక్కువైతే బలం తగ్గిపోద్ది."

ఛత్తీస్‌గఢీ ఆడకూలీలు నిచ్చెన మీద వరసగా నిలబడి తట్టలు అందించారు. పైన కుముదిని ఇనుప ఊచల కిందికి కాంక్రీటు చేరేలా కడ్డీతో పొడుస్తూ, గాలి బయటకు పంపుతూ పోయింది. ఎండ వాలకముందే చివరి మూల నిండింది. చేతులు బొబ్బలెక్కిన ప్లాంటు పెద్దమనుషులు ముమ్మారు అన్నం పెట్టించుకున్నారు.

మర్నాటి నుంచి స్లాబు మీద చిన్న గట్లు పోసి నీళ్లు నిలబెట్టింది. రోజూ పొద్దున్నే గురుమూర్తి పైకెక్కి, తడి ఆరకుండా తనే పైపుతో నింపేవాడు.

చెక్కలు తీసిన రోజున కుముదిని మెడ ఎత్తి, మూలమూలా చూసింది. ఎక్కడా చిల్లు లేదు, ఊచ కనబడలేదు.

"నా సెక్కలు సాపుగా ఉన్నాయి కాబట్టి," అన్నాడు శంకరరావు.

"పొడిసిందెవులు మరి?" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

తొలి వానకు కప్పు కింద ఒక్క చెమ్మ మచ్చ కూడా పడలేదని గురుమూర్తి తన పాత సెక్టరంతా తిరిగి చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఎవరైనా పని మాట్లాడటానికి కుముదిని ఇంటికొస్తే, శంకరరావు కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు.

"ఉండండి, మేస్త్రీగారు తానానికెల్లారు. వొచ్చాక అడిగి సెప్తాను."