నీడచెట్లు ఎవరి పేరున

సచివాలయం గోడకు జాబితా అంటించారని తెలిసి, ఆరబోసిన కాఫీ గింజలు అలాగే వదిలి వెళ్లాను. కాఫీ తోటల్లో నీడచెట్లు నరక్కుండా కాపాడిన రైతులకు ప్రభుత్వం డబ్బిస్తుంది. ఎవరికి ఇచ్చిందో అందరికీ తెలియాలని పేర్లు గోడకు అంటిస్తారు. జుట్టు నెరిశాక మహిళా సంఘం బడిలో నేర్చుకున్న చదువు నాది. వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. మా మెట్ట, కొండవాలు మీది మా కాఫీ తోట, అందులో ఉంది. ఎదురుగా ఉన్న పేరు మా బావగారిది, నా పెనిమిటికి అన్నగారిది.

ఆ మెట్ట మీద కాఫీకి నీడ కోసం సిల్వర్ ఓక్ మొక్కలు నాటింది నా పెనిమిటి. ఆయన పోయాక మేకలు కొరక్కుండా కంచె కట్టి, వాటిని పెంచింది నేను. పట్టా మాత్రం మామగారి పేరునే ఉండిపోయింది. మామగారూ పోయారు కాబట్టి, లెక్కలు రాసుకోవడానికి వచ్చినవాళ్లు పెద్దకొడుకని బావగారి ఫోటో తీసుకుని వెళ్లారు. డబ్బు రాకపోయినా బతికేదాన్నే. ఆ చెట్లు ఇంకొకరివని గోడ మీద ఉంటే, రేపు నరికేటప్పుడు నన్నెవరూ అడగరు. నా భయం అదే.

గ్రామసభలో అభ్యంతరాలు చెప్పమన్నారు. లేచాను.

"మా మెట్ట డబ్బులు నాకు రానేదు బాబూ."

"ఎవరికి వెళ్లాయో పేరు చెప్పమ్మా, రాసుకుంటాను" అన్నాడు పట్నం నుంచి వచ్చిన అధికారి.

మాలో ఆడది పెనిమిటి అన్నగారి పేరు పలకదు. ఆయన ముందు వరుసలోనే కూర్చుని చుట్ట కాలుస్తున్నారు.

"మా ఇంటి పెద్దాయనకి" అన్నాను.

"ఇక్కడున్నవాళ్లంతా ఏదో ఒక ఇంటికి పెద్దాయనలే కదమ్మా."

వెనక నుంచి మా తోటికోడలు అందుకుంది. "ఏటే, గోడ మీదున్నదంతా సదివేసినావు. ఆ ఒక్కటీ నోటికి రాదేటి?"

"పోనీ నువ్వు సెప్పక్కా."

"నా మొగుడి పేరు నానెలగ సెప్తానే?"

ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అధికారి విసుక్కుని, నోటితో చెప్పలేకపోతే రాసిమ్మని కాగితం చేతికిచ్చాడు. పలకకూడదన్నారు గానీ, రాయకూడదని మా పెద్దలెవరూ అనలేదు. మాలో ఆడవాళ్లు రాస్తారని వాళ్లు అనుకోలేదు. వంకర అక్షరాలతో బావగారి పేరు రాసి, కింద నా సంతకం చేశాను. ఆయన చుట్ట నేలకు రాసి ఆర్పి, లేచి వెళ్లిపోయారు.

తర్వాత అంటించిన జాబితాలో మా మెట్టే లేదు. తగువులో ఉన్న భూమికి డబ్బు ఆపేస్తారట. నా పేరున మార్చమని పాడేరు ఆఫీసుకు వెళ్లి అడిగాను. మామగారి పెద్దకొడుకు ఒప్పుకున్నట్టు సంతకం తెమ్మన్నారు.

బావగారింటికి వెళ్లాను. ఆయన లోపల మంచం మీద, నేను బయట అరుగు కింద. మేమిద్దరం నేరుగా మాట్లాడుకోకూడదు. తోటికోడలు గుమ్మంలో నిలబడి మా మాటలు అటూ ఇటూ అందించాలి.

"సంతకం ఒక్కటీ పెట్టమనక్కా. డబ్బులు ఆయన్నే తీసుకోమను."

లోపలి నుంచి బావగారి గొంతు వినిపించింది. "ఊరందరిలో పేరు రాసిచ్చినాక ఇంకేటి సంతకం? ఆ సెట్లు అమ్మేసినానని సెప్పు దానికి."

"అమ్మేసినారట" అంది ఆమె నాతో. ఈసారి ఆమె నవ్వలేదు.

"ఎవరికక్కా?"

"కలప షావుకారికి. బేగి నరికేత్తారట."

సచివాలయానికి పరుగెత్తాను. జాబితాలో ఉన్న చెట్లయితే ఆపగలిగేవాళ్లమనీ, లేనివాటి గురించి తామేం చేయలేమనీ అక్కడి అమ్మాయి చెప్పింది. ఆ గుంట అబద్ధం చెప్పలేదు. జాబితాలో మా మెట్ట లేకపోవడం గోడ మీద నేనే చూశాను.

వారం తిరక్కుండా రంపాలు వచ్చాయి. ఎండ నేరుగా పడేసరికి కాఫీ మొక్కల పై ఆకులు పసుపెక్కి, తర్వాత కొసలు మాడాయి. కాయలు పండకుండానే నల్లగా ఎండి రాలిపోయాయి. ఈ ఏడు కోతలకు పక్క మెట్ట మీదికి కూలికి వెళ్తున్నాను. అక్కడ నీడ ఉంది.