మామయ్య జేబులో నెట్

మాది సిరిసిల్లలో మరమగ్గాల ఇల్లు. మావారు దుబాయ్‌లో ఉంటారు. చూపు తగ్గిన అత్తమ్మకు ఫోన్‌లో కొడుకు ముఖం ఆనదు, ఏడాదిన్నరగా గొంతు వినడమే. అందుకే మా పాప మొదటి పుట్టినరోజున ఆయన్ను టీవీలో చూపిస్తానన్నాను. మామయ్య ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి నా ఫోన్‌ను, టీవీని దానికి కలిపాను.

వాడకట్టంతా వచ్చింది. వీడియో కాల్‌లో కొడుకు తెరనిండా కనపడగానే అత్తమ్మ లేచి నిలబడింది. అంతలోనే బొమ్మ పోయింది. అసలే నాకు కంగారెక్కువ, ఫోన్‌లో కనపడినవన్నీ నొక్కాను.

"తీగ లేకుంట టీవీలకు మనిషెట్ల వస్తడు వదినా?" ఆడబిడ్డ నవ్వింది.

"జర ఆగవే, కోడలు సూస్తుంది గదా!" అంది అత్తమ్మ.

అప్పుడే వెనక షెడ్డులో మగ్గాల చప్పుడు ఆగింది. మామయ్య అక్కడున్నారని నాకు వెలిగింది, పరుగెత్తాను. మామయ్య అంగీ జేబులోనే ఉంది నెట్ ఇచ్చే ఫోన్!

"గీ సప్పుడుకు పోరని మాట ఇనరాదని బంద్ చేయనొచ్చిన బిడ్డా," అన్నారాయన.

ఫోన్ ఇంట్లోకి రాగానే మావారూ తెరమీదికొచ్చారు. అత్తమ్మ వెళ్లి కొడుకు నుదుట బొట్టు పెట్టింది.

"తీగ లేకుంట నా కొడుకును తెచ్చింది మా కోడలు," అని ఇప్పటికీ అందరికీ చెబుతుంది. తెరమీది ఆ కుంకుమను నేను తుడవలేదు. పాప దాన్ని చూపించి నాన్నను పిలిచినట్టు "బాపు" అంటుంది.