నెల తక్కువ పర్వానా

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్తాను. నాలుగు చినుకులు పడితే నా నోట్లో అవి ఏరై పారతాయి. పిల్లి అడ్డమొస్తే చెప్పేటప్పటికి చిరుతపులి అవుతుంది. యాభైకి దగ్గరపడ్డాను, ఇక మానుకునే వయసు కాదు. చదివేవాళ్లు నేను చెప్పిన ప్రతిదాన్నీ సగానికి కోసుకుని చదువుకోవాలి. ఇందులో ఒక్కటి మాత్రం పెంచింది కాదు, పూర్తిగా కల్పించింది. అదేదో చివర్లో నేనే చెప్తాను.

మొన్న ఒక దేశం వీసా రుసుము పెంచిందనీ, దానికి బదులుగా రెండో దేశమూ పెంచిందనీ పత్రికలో చదివి పక్కింటాయన నోరు తెరిచాడు. నాకు ఆశ్చర్యం కలగలేదు, కాళ్లు పీకాయి. అలాంటి రెండు దేశాలను నేను చూశాను. వాటి నడుమ తుంగభద్ర ఉండేది.

మాది గద్వాల. ఇల్లంటే ముందు మగ్గం గుంట, మిగిలిన చోట మేము. అక్కను ఏటి అవతల కర్నూలు వైపు ఊరికి ఇచ్చినప్పుడు అక్కడొక సరిహద్దు ఉందన్న సంగతి ఏట్లో చేపలకు కూడా తెలియదు. పుట్టి నడిపేవాడి చేతిలో ఒక అణా పెడితే అటు, ఇంకో అణా పెడితే ఇటు. తర్వాత తెల్లదొరలు వెళ్లిపోయారు. అవతలి ఒడ్డు కొత్త దేశంలో చేరింది, మా ఒడ్డు ఇంకా నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. రెండొడ్లనా మనుషుల్ని ఆపి కాగితాలడిగే రెండు నాకాలు మొలిచాయి. ఏరు దాటాలంటే పర్వానా అనే అనుమతి కాగితం, పర్వానాకు రుసుము. మా ఒడ్డు రూపాయి అంటే ఆ ఒడ్డు రెండన్నది. అది రెండన్నందుకు ఇది మూడన్నది. పైగా మా హాలీ రూపాయి అక్కడ చెల్లదు, వాళ్ల కల్దారు రూపాయిని ఇక్కడ కొరికి చూసేవాళ్లు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కకు తొలిచూలు. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఏడో నెలలో తెచ్చుకోవాలి, తప్పితే తొమ్మిదో నెలలో. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్నదాన్ని ఊరు కదిలించరు. అక్క ఉత్తరంలో రెండే ముక్కలు రాయించింది: నాకు భయమవుతున్నది, అమ్మ పక్కన ఉంటే చాలు.

అమ్మా నేనూ బండి కట్టుకుని ఏటికి పోయాం. రెండు రోజుల దారి, నా లెక్కలో తొమ్మిది. నాకా ముందు వరుస ఎంత పొడవంటే, దాని తోక కృష్ణ దాటి వీపనగండ్లలో ఎవరి జొన్నచేనో తొక్కుతున్నది. గుమాస్తా మీసంలో రెండు జతల పిచ్చుకలు కాపురముండేవి. ఆయన ముద్ర తిరగలి రాయంత. అది గుద్దినప్పుడల్లా ఏట్లో నీళ్లు ఉలిక్కిపడేవి.

"మీ బిడ్డ ఎందుకొస్తుంది?" అన్నాడు.

"పురుటికి, సాబూ," అన్నది అమ్మ.

"ఎన్నో నెల?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఇళ్లలో కడుపుతో ఉన్నదాని నెల ఉన్నదున్నట్టు బయటికి చెప్పరు. దిష్టి తగులుతుందని ఒకటి తగ్గిస్తారు. వినేది మావాళ్లయితే ఒకటి కలుపుకుని వింటారు. గుమాస్తా మావాడు కాదు. కాగితం అసలే కాదు.

"ఆరు, సాబూ."

"ఆరుకియ్యరు తల్లీ. పురుటి పర్వానా ఏడు పడ్డంకనే. వచ్చే నెల రాండి."

"సాబ్, ఏడు నడుస్తున్నది," అన్నాను నేను. అమ్మ నా కాలు తొక్కింది.

"కన్నతల్లి ఆరంటది, నువ్వు ఏడంటవు. ఏందయ్యా, మోస్తున్నది నువ్వా?"

వరుసంతా నవ్వింది, వీపనగండ్ల దాకా. గుమాస్తా ఆరు అని రాసి ముద్ర గుద్దాడు.

తిరుగు దారిలో నేను ఊరుకోలేదు. "ఎందుకే గట్ల చెప్పినవ్?"

"వాని కండ్లు చూసినవా? అంతమందిల ఏడు అంటే బిడ్డకు తగలదా?"

"వచ్చే నెల అంటే ఎనిమిది గదనే."

అమ్మ ఎద్దుల వైపు చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చి చెప్తే నాయిన మగ్గం ఆపలేదు. పట్టు అంచుకూ నడిమి నూలుకూ పోగు కలుపుతూ, "ఇది పట్టు, అది నూలు. రెండింటిని పొద్దుందాక కలుపుతున్న. ఒక్క పోగన్న నన్ను పర్వానా అడగలే," అన్నాడు. ఇంకో పోగు అందుకుని, "నీ అమ్మను ఏమనకురా," అన్నాడు.

ఎనిమిదో నెల చేతులు కట్టుకుని కూర్చున్నాం. తొమ్మిది పడగానే మళ్లీ బండి, మళ్లీ రెండు రోజులు. అప్పటికి రుసుము ఎనిమిది రూపాయలైంది.

"మాకేం తెల్వదు తల్లీ," అన్నాడు గుమాస్తా. "వాండ్లు పెంచిన్రు, మేం పెంచినం. వాండ్లు దించితే మేం దించుతం." అవతలి గుమాస్తా కూడా సరిగ్గా అదే మాట అన్నాడని బావ అంతకుముందే ఉత్తరం రాశాడు. ఇద్దరినీ ఒక పుట్టిలో కూర్చోబెడితే వియ్యంకులై ఉండేవాళ్లు.

రుసుము కట్టాం. గుమాస్తా దస్త్రం తిప్పి తీరిగ్గా ఆవులించాడు. "ఇప్పుడు కొత్త హుకుం వచ్చింది. మన కాగితం అవతలికి పోవాలె, అది చూసి వాండ్లు తమ కాగితం ఇస్తరు. ఇంక పదిహేను దినాలు. ఈడ లెక్కల ఎనిమిదే ఉన్నది, ఫికర్ ఎందుకు?"

"సాబూ, తొమ్మిది నిండొస్తున్నది," అన్నది అమ్మ. "ఆనాడు నేనే తక్కువ చెప్పిన. తప్పైంది."

"రుసుం ఎక్కువైందని నెలలు గుడ పెంచుతున్నవా తల్లీ?"

ఈసారి వరుస నవ్వలేదు. అందరూ అలసిపోయి ఉన్నారు.

మేము వెనక్కి రాలేదు. ఏటి ఒడ్డున ఒక తాటాకు పందిరి కింద ఉండిపోయాం. మూడో రోజు పొద్దెక్కాక అవతలి ఒడ్డుకు బావ బండి వచ్చింది. తొమ్మిదో నెలలో ఒడ్డుకు తోలుకొస్తానని ముందే రాశాడు. ఎండాకాలం, ఏట్లో నీళ్లు మోకాలి లోతు. అక్క బండి దిగి నిలబడితే, నాయిన నేసిన ఎర్రంచు చీర ఇక్కడికే కనిపిస్తున్నది.

"బిడ్డా, కూసో! నిలబడకు!" అని అరిచింది అమ్మ.

"అమ్మా, నువ్వు రావే!" అని అక్క.

కాసేపటికి అక్క నడుం పట్టుకుని బండి చక్రానికి ఆనుకుంది. అమ్మకు అర్థమైంది, నొప్పులు మొదలైనాయి. పరుగున పోయి గుమాస్తా ముందు నిలబడింది. చేయి చాచి అవతలికి చూపింది. గుమాస్తా ఏటి వైపు చూశాడు, అమ్మను చూశాడు. లేచి తన కుర్చీని గోడ వైపు తిప్పుకుని, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

అమ్మ చీర ఎగదోపి ఏట్లో దిగింది. నీళ్లు చీలి దారిచ్చాయి. అవతలి ఇసుకలో, అమ్మ చేతుల్లోనే మేనల్లుడు పుట్టాడు. వాడి ఏడుపుకు గద్వాలలో ఎద్దులు పలుపులు తెంచుకున్నాయి, నాయిన మగ్గం మీద పోగులు తెగాయి.

ఇదీ కథ. ఇక నా మాట నిలబెట్టుకోవాలి.

మీసం, ముద్ర, వరుస, అవన్నీ ఉన్నవే, కాస్త పెంచాను. గుమాస్తా కుర్చీ తిప్పాడన్నది ఎవరూ నమ్మరు కానీ అదొక్కటీ పిసరంత పెంచకుండా చెప్పాను. నేను కల్పించింది అమ్మ ఏరు దాటడం.

అమ్మ చీలమండల దాకా దిగి ఆగిపోయింది. నేను చేయి పట్టి లాగాను. "పోదాం పా అమ్మా, వాడు చూస్తలేడు."

"వాడు చూస్తలేడు, అవతలోడు చూస్తడు. కాగితంల ఎనిమిది ఉన్నది రా. బిడ్డ ఈ నొప్పుల మీద ఉండంగ, నేను పర్వానా లేకుండ దాటిన్నని దాన్ని ఆపి నెల అడిగితే? ఒకసారి అబద్ధం చెప్పింది చాలు."

బావ ఇంకా కొంచెంసేపు చూసి, అక్కను బండిలో పడుకోబెట్టి, ఊరివైపు తిప్పుకుపోయాడు. గుమాస్తా చాలాసేపటికి కుర్చీ తిప్పి, అమ్మ ఇంకా ఈ ఒడ్డునే ఉండటం చూసి, దస్త్రం తెరిచాడు.

ఆ సాయంత్రమే అక్కకు అత్తగారి చేతుల్లో కాన్పయిందని ఉత్తరం వచ్చేసరికి పురుడు వెళ్లిపోయింది. నిజాం రాజ్యం పోయి, నాకాలు తీసేసి, దారులు కుదుటపడి అమ్మ మనవణ్ని చూసేనాటికి వాడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. అమ్మను చూసి భయపడి ఏడ్చాడు.

ఆ తర్వాత మా వీధిలో ఎవరి కోడలికి ఎన్నో నెల అని అడిగినా అమ్మ ఉన్నదున్నట్టు, గట్టిగా చెప్పేది. "మా పిల్లకు దిష్టి పెడ్తున్నవేందమ్మా," అని ఆడవాళ్లు పోట్లాటకు వచ్చేవాళ్లు. అమ్మ వినేది. మళ్లీ ఎవరైనా అడిగితే మళ్లీ ఉన్న నెలే చెప్పేది.