దీపం డ్యూటీ

రిఫైనరీ కాలనీలో ఆయన్ని సైరన్ అనేవాళ్ళు. మైకు లేకుండా మెయిన్ గేటు దగ్గర అరిస్తే ట్యాంకుల యార్డు దాకా వినబడేది మరి! ఎవరైనా ఇంటికొస్తే ఆయన భార్య కూడా "సైరన్ స్నానం చేస్తోంది, కూర్చోండి" అని నవ్వేది. ఆయన మంత్రి అయ్యాక ఆవిడ ఆ వేళాకోళం మానేసింది. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒక పెద్దమనిషి కూర్చుని ఉండేవాడు, వాళ్ళ ముందు ఏం నవ్వుతుంది పాపం.

మొదట్లో ఆయన బాయిలర్ హౌస్‌లో హెల్పరు. పని నేర్పింది సొంత బావ, అంటే అక్క మొగుడు. బావ మితభాషి. మనవాడేమో నోరు మూస్తే ఒట్టు. "ఒరేయ్, కబుర్లు తర్వాత, ముందు మంటని చూడు" అని బావ రోజుకి పదిసార్లు కసిరేవాడు. డ్యూటీ దిగాక మాత్రం ఇద్దరూ ఒకే సైకిల్ మీద అక్క ఇంటికి పోయి, ఒకే కంచం ముందు కూర్చునేంత దగ్గర.

మొదటి సమ్మె వచ్చినప్పుడు కుర్రకారంతా ఒకటే పట్టు. ఒక్కడు కూడా లోపల ఉండకూడదు, ఫ్యాక్టరీ చచ్చిపోవాలి అని. అప్పుడు మనవాడు ఒక ఖాళీ డ్రమ్ము ఎక్కాడు. "ఒరేయ్ బుద్ధిమంతుల్లారా! బాయిలర్ ఆరిపోతే పైపుల్లో నూనె గడ్డకట్టి కూర్చుంటుంది. మళ్ళీ కదలడానికి నెలలు పడుతుంది. అప్పుడు గెలిచి ఏ పనిలోకి పోతార్రా? చూసేవాడు లేక అది పేలిందనుకోండి, గోడవతల ఉన్నది మన పెళ్ళాం పిల్లలే కదరా!" అన్నాడు. గుంపు చల్లబడింది. అలా పుట్టింది దీపం డ్యూటీ. సమ్మె ఎన్నాళ్ళు సాగినా యూనియన్ మనుషులు ఆరుగురు లోపలే ఉండి బాయిలర్ని సన్నగా వెలిగిస్తూ ఉంటారు. చేతికి ఎర్ర గుడ్డ కట్టుకుంటారు. జీతం ఉండదు, ఇంటిముఖం చూడరు. వాళ్ళని కంపెనీ ముట్టుకోదు. మొదటి నుంచీ ఆ ఆరుగురికీ పెద్ద బావే.

దీనికి కాగితం లేదు. యూనియన్‌కీ మేనేజరుకీ మధ్య నోటిమాట, అంతే. ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. బయటివాళ్ళు ఎవరడిగినా "లోపల ఒక్కడూ లేడు" అనాలి. ఆరుగురున్నారని తెలిస్తే సమ్మె చీలిపోయిందని పేపర్లవాళ్ళు ఊరంతా టముకు వేస్తారని భయం. దీపం డ్యూటీ వాళ్ళు లెక్కలోకి రారు. ఈ మాట ఆయన ఎంతమంది విలేకరులకి చెప్పాడో, నిద్రలో అడిగినా అదే చెప్పేవాడు.

ఆ గొంతే ఆయన్ని యూనియన్‌కి అధ్యక్షుణ్ణి చేసింది, తర్వాత ఎమ్మెల్యేని చేసింది. ఒకసారి ఓడిపోయాడు. ఓడిపోయిన మనిషి ఇంటికి ఎవరొస్తారండీ? ఆ ఐదేళ్ళూ గుమ్మం బోసిపోయింది, ఆ బాధ ఆయన్ని లోపల్లోపల తినేసింది. ఈసారి పార్టీ మారి గెలిచాడు, కార్మిక మంత్రి అయ్యాడు. అక్క ఇంటికి రాకపోకలు తగ్గాయి. "తమ్ముడికి తీరికెక్కడిదిలే" అని అక్కే సర్దిచెప్పుకునేది.

అప్పుడు ప్రభుత్వం రిఫైనరీ ట్యాంకుల యార్డుని ప్రైవేటు వాళ్ళకి ఇస్తానంది. అలా ఇవ్వనివ్వనని ఎన్నికల్లో గొంతు చించుకున్నది ఈయనే! కార్మికులు సమ్మెకి దిగారు. నచ్చజెప్పడానికి ఈయన గేటు దగ్గరికి వెళ్తే నోరు విప్పనివ్వలేదు. తను నేర్పిన నినాదాలే తన మొహం మీద కొట్టారు. మొహం కందగడ్డయి వెనక్కి వచ్చాడు.

మర్నాడు పొద్దున ముఖ్యమంత్రి గదిలో సమావేశం. "మీవాళ్ళు మీ మాట వినరన్నమాట" అన్నాడు ముఖ్యమంత్రి, నవ్వుతూనే. ఆ నవ్వుకి ఈయన ఒళ్ళు చచ్చిపోయింది. "పోలీసుల్ని పంపి ఫ్యాక్టరీని స్వాధీనం చేసుకుంటున్నాం. లోపల యూనియన్ వాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఒక్కడూ లేడండీ" అన్నాడు మంత్రి. తడుముకోకుండా అనేశాడు.

మెట్లు సగం దిగి ఆగిపోయాడు. అయ్యో, దీపం డ్యూటీలో బావ ఉన్నాడే! వెనక్కి వెళ్ళి చెబితే? ఇందాక అబద్ధమాడారా అంటే ఏం చెప్పాలి? ఆఫీసుకి పోయి నేరుగా అక్కడి పోలీసు ఇన్‌స్పెక్టరుకే ఫోన్ చేస్తే పోలా అనుకుని కారెక్కాడు. దారిలోనే చేసి ఉండొచ్చు కదా అంటారా? డ్రైవరు ముఖ్యమంత్రి ఇచ్చిన మనిషి. ఆఫీసుకి చేరేసరికి ముఖ్యమంత్రి కార్యదర్శి ఈయన గదిలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఇంతలో ఫోనే మోగింది.

"సార్, లోపల ఆరుగురు దొరికారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "చేతులకి ఎర్ర గుడ్డలున్నాయి. పెద్దాయన బాయిలర్ దగ్గర్నుంచి కదలనంటున్నాడు. మంత్రిగారిని అడగండి, ఆయనకి అన్నీ తెలుసు అంటున్నాడు. తమరికేమైనా తెలుసా సార్?"

ఎదురుగా కార్యదర్శి కప్పు దించి ఈయన మొహంలోకే చూస్తున్నాడు. అవునంటే పదవి సాయంత్రానికి ఉండదు. మళ్ళీ ఆ బోసి గుమ్మం కళ్ళముందు ఆడింది.

"నాకేం తెలీదు. మీ పని మీరు చూసుకోండి" అని ఫోన్ పెట్టేశాడు. కట్టుబాటూ కాదు, అలవాటూ కాదు. ఈసారి తెలిసే అన్నాడు.

బావని ఈడ్చుకొస్తుంటే ఇనప మెట్ల మీద పడి భుజం విరిగింది. కంపెనీ ఇంజనీర్లు పరుగెత్తుకొచ్చి ఎలాగో మంట ఆర్పారు కాబట్టి కాలనీ బతికింది. కానీ నోటిమాటకి సాక్ష్యమేదని కంపెనీ చేతులు దులుపుకుంది. ఆరుగురి మీదా కేసు పెట్టారు, బాయిలర్ని పేల్చడానికి లోపల దాక్కున్నారని! తన చేతుల్తో దాన్ని పసిబిడ్డలా చూసుకున్న మనిషి మీద ఆ మాట! కాలనీలో ఆడవాళ్ళు శాపనార్థాలు పెట్టారు.

ఆసుపత్రిలో బావ మంచం దగ్గర కానిస్టేబులు లేచి మంత్రికి సెల్యూట్ కొట్టాడు. అక్క కుర్చీలోంచి లేవలేదు.

"ఈ దీపం డ్యూటీ పెట్టించింది నేనేనని ఒక్క మాట చెప్పరా తమ్ముడూ. నీ ఒక్క మాటతో పోయే కేసు" అంది.

"కొంచెం ఓపిక పట్టక్కా. గొడవ సద్దుమణగనీ. కేసు చప్పుడు కాకుండా తీయించేస్తాను."

"చప్పుడు కాకుండా ఎందుకురా?" అన్నాడు బావ, కప్పు వైపే చూస్తూ. "నేనేం దొంగతనం చేశానని?"

మంత్రి ఇంటికి వచ్చేశాడు. వారం పాటు తిండి సయించలేదు. భార్య కంచం పెట్టేసి లోపలికి పోయేది. చివరికి ఒక నిశ్చయానికొచ్చాడు. కోర్టుకి వెళ్తాను, బావ నా పేరు చెప్పగానే లేచి నిలబడి ఒప్పుకుంటాను, పదవి పోతే పోనీ అని. చూశారా ఎలాంటి నిశ్చయమో! అడుగు ముందు బావే వేయాలట.

కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. బావ చెయ్యి మెడకి కట్టి ఉంది. మిగతా ఐదుగురూ ఆయన వెనకాల నిలబడ్డారు.

"మిమ్మల్ని లోపల ఉండమన్నది ఎవరు?" అని మేజిస్ట్రేటు అడిగాడు.

మంత్రి లేవడానికి ముందు బెంచీ పట్టుకున్నాడు. బావ తల తిప్పి ఆయన్ని చూశాడు. తర్వాత మేజిస్ట్రేటు వైపు తిరిగాడు.

"ఎవరూ అనలేదండీ. నేనే ఉన్నాను. వీళ్ళు నేను రమ్మంటే వచ్చారు."

మంత్రి లేవలేదు. లేవడానికి ఎవరూ అడ్డం లేరు, అయినా లేవలేదు. ఐదుగురికీ బెయిలిచ్చి, బావని జైలుకి పంపారు.

వరండాలో పోలీసు వ్యాను దగ్గర మంత్రి ఎదురెళ్ళాడు. కళ్ళనిండా నీళ్ళు. "నన్ను కాపాడావు బావా" అన్నాడు.

"నిన్నెందుకు కాపాడతాను?" అన్నాడు బావ. "ఈ ఐదుగురూ నా వెనకాల నిలబడి ఉన్నారు. ఇంత మంచి పని పెట్టింది నీలాంటివాడని వాళ్ళు వినేలా చెప్పడానికి నాకు సిగ్గేసింది."

అక్క మందుల సంచీ మొగుడి చేతికిచ్చి, తమ్ముడి వైపు తిరిగింది.

"కాస్త పక్కకి తప్పుకోండి మంత్రిగారూ" అంది. "ఆయన వ్యానెక్కాలి."

ఆయన తప్పుకున్నాడు.